ఎయిర్ బ్రేకు సీలు

ఎయిర్ బ్రేకు సీలు అనగా లారీలు, బస్సులు, టిప్పర్లు, ట్రైలర్లు వంటి భారీ వాణిజ్య వాహనాల గాలి బ్రేకు వ్యవస్థలో సంపీడన గాలి బయటకు కారిపోకుండా, ఒక గది నుండి మరొక గదిలోకి చొరబడకుండా ఆపే మెత్తని భాగం. ఓ-రింగులు, కప్పు సీళ్ళు, డయాఫ్రాలు, వాల్వుల రబ్బరు సీట్లు, గాస్కెట్లు అన్నీ ఈ కోవకు చెందినవే. ఇవి ఎక్కువగా కృత్రిమ రబ్బరుతో తయారవుతాయి. వాహనం మొత్తం విలువతో పోల్చితే వీటి వెల లెక్కలోనిది కాదు. కాని పెడలుపై డ్రైవరు మోపిన పాదపు ఆజ్ఞ చక్రం వరకు చేరడం వీటి మీదనే ఆధారపడి ఉంటుంది.

సీలును ఎన్నుకోవడంలో కొలత మొదటి ప్రశ్న మాత్రమే. అది ఏ పదార్థంతో తయారైనది, దానికి ఎంత వేడి, ఏ నూనె, ఎంత తేమ తగులుతాయి అన్నవి కూడా కలిపి చూడవలసి ఉంటుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలున్న కృష్ణా పశ్చిమ డెల్టా వంటి తీర ప్రాంతంలో వీటిలో తేమకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

చరిత్ర

గాలి బ్రేకును అమెరికాకు చెందిన జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్ళ కోసం రూపొందించాడు. 1872లో దానిని మెరుగుపరచి, గొట్టం తెగి గాలి పోయినప్పటికీ బ్రేకు దానంతట అదే పడే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆ కాలపు బ్రేకు సిలిండర్లలో పిస్టను చుట్టూ తోలు సీళ్ళు వాడేవారు. తోలు ఎండితే బిరుసెక్కి గాలి కారేది కాబట్టి దానికి తరచుగా నూనె పట్టించవలసి వచ్చేది.

నేడు ప్రతి వాల్వులోనూ కనిపించే ఓ-రింగు కూడా బ్రేకులతో పరిచయమున్న వ్యక్తి సృష్టియే. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ మొదట ట్రాము బండ్ల గాలి బ్రేకులపై పనిచేశాడు. ఆయన 1937లో ఓ-రింగుకు పేటెంటు కోరగా 1939లో అది మంజూరయింది. ఇంచుమించు అదే కాలంలో, 1930లలో, నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరు జర్మనీలో అభివృద్ధి చెందింది. ఈ రెండింటి కలయికతో తోలు సీళ్ళ కాలం క్రమంగా ముగిసింది.

భారతదేశంలో వాణిజ్య వాహనాల గాలి బ్రేకుల తయారీకి 1962లో బ్రిటనుకు చెందిన క్లేటన్ డివాండర్ సహకారంతో మద్రాసులో స్థాపించబడిన సుందరం-క్లేటన్ సంస్థ మార్గదర్శి. దీని బ్రేకుల విభాగం తరువాతి కాలంలో వాబ్కో ఇండియాగా వేరుపడింది. వాబ్కో అనే పేరు వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేక్ కంపెనీ అనే పేరుకు సంక్షిప్త రూపం. 2020లో వాబ్కోను జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ సంస్థ కొనుగోలు చేసింది.

పనిచేసే విధానం

ఇంజను సహాయంతో తిరిగే కంప్రెసరు బయటి గాలిని పీల్చి, వాతావరణ పీడనానికి పైన సుమారు 8 బార్ల వరకు సంపీడనం చేస్తుంది. ఈ గాలి డ్రైయరు గుండా వెళ్ళి తేమను కోల్పోయి ట్యాంకులలో నిలువ చేరుతుంది. డ్రైవరు పెడలును తొక్కినపుడు ఫుట్ వాల్వు తెరుచుకొని, తొక్కిన మేరకు గాలిని బ్రేకు చాంబర్లకు పంపుతుంది. చాంబరులోని రబ్బరు డయాఫ్రం ఉబ్బి పుష్ రాడ్డును ముందుకు నెడుతుంది. ఆ రాడ్డు స్లాక్ అడ్జస్టరును, అది ఎస్-కామ్‌ను తిప్పగా బ్రేకు లైనర్లు డ్రమ్మును ఒరుసుకుంటాయి.

డయాఫ్రం మీద పడే బలాన్ని సులభంగా లెక్కించవచ్చు. 24వ రకం చాంబరు ప్రభావ వైశాల్యం 24 చదరపు అంగుళాలు, అనగా సుమారు 155 చదరపు సెంటీమీటర్లు. 6 బార్ల పీడనం వద్ద పుష్ రాడ్డుపై దాదాపు 9,300 న్యూటన్ల బలం పడుతుంది. ఇది సుమారు 950 కిలోల బరువుకు సమానం. డయాఫ్రం చిల్లి పడి పీడనం సగానికి తగ్గితే బలం కూడా సగానికి పడిపోతుంది.

పార్కింగు బ్రేకు ఇందుకు విరుద్ధంగా పనిచేస్తుంది. వెనుక చక్రాల స్ప్రింగు బ్రేకు చాంబరులో ఒక బలమైన స్ప్రింగు ఎల్లప్పుడూ బ్రేకు వేయడానికే ప్రయత్నిస్తుంటుంది. గాలి దానిని వెనక్కు నొక్కి పెట్టినంతసేపే బండి కదులుతుంది. అందువలన సీలు లోపం ఎక్కడున్నదన్న దానిని బట్టి ఫలితం మారుతుంది. సర్వీసు బ్రేకు వైపు గాలి కారితే బ్రేకు బలం తగ్గుతుంది. స్ప్రింగు వైపు కారితే బ్రేకు కొద్దికొద్దిగా పట్టి, డ్రమ్ము వేడెక్కి, లైనర్లు కాలిపోవచ్చు.

సీళ్ళలో రకాలు

* ఓ-రింగు: గుండ్రని అడ్డుకోత కలిగిన వలయం. గాడిలో కొంత నలిగి కూర్చొని రెండు వైపులా అడ్డుకట్ట వేస్తుంది. ఫుట్ వాల్వు, రిలే వాల్వు, డ్రైయరు, గొట్టాల కనెక్టర్లలో ఉంటుంది.
* కప్పు సీలు లేదా లిప్ సీలు: పెదవి ఆకారపు అంచు కలది. గాలి పీడనమే అంచును గోడకు అదుముతుంది. రాపిడి తక్కువ గనుక అటూ ఇటూ కదిలే పిస్టన్లకు అనుకూలం. దీనికి దిశ ఉంటుంది. తిరగేసి అమర్చితే గాలిని ఆపదు.
* డయాఫ్రం: నైలాను వంటి బట్టను మధ్యలో ఉంచి రబ్బరుతో పోత పోసిన పొర. బట్ట బలాన్ని, రబ్బరు గాలి నిరోధాన్ని ఇస్తాయి.
* వాల్వు సీటు: లోహపు అంచుపై కూర్చొని గాలి దారిని మూసే రబ్బరు ముఖం. ఇది తరచుగా లోహపు బిళ్ళకు అంటించబడి ఉంటుంది.
* కప్లింగు సీలు: ట్రాక్టరు లారీకి, వెనుక ట్రైలరుకు మధ్య గొట్టాలు కలిసే చోట ఉండే మందపాటి వలయం. తరచుగా ఊడదీసి తగిలించడం వలన, దుమ్ము పడడం వలన త్వరగా అరుగుతుంది.
* దుమ్ము బూటు: ఇది గాలిని ఆపదు. పుష్ రాడ్డు, పెడలు ప్లంజరు వెంట మట్టి, నీరు లోపలికి పోకుండా కాపాడుతుంది. ఇది చినిగితే లోపలి భాగాల ఆయువు తగ్గుతుంది.

పదార్థాలు

దుకాణంలో కనిపించే సీళ్ళు చాలావరకు నల్లగానే ఉంటాయి. రంగును బట్టి పదార్థాన్ని నిర్ణయించడం సాధ్యం కాదు. ముఖ్యమైన పదార్థాల గుణాలు ఇలా ఉంటాయి.

* నైట్రైల్ రబ్బరు: సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పనిచేస్తుంది. కంప్రెసరు నుండి వచ్చే ఖనిజ నూనె తుంపరను బాగా తట్టుకుంటుంది. వెల తక్కువ. అందువలన గాలి బ్రేకు వాల్వులలో ఎక్కువగా దీనినే వాడతారు. ఎండకు, ఓజోను వాయువుకు పగుళ్ళిస్తుంది.
* హైడ్రోజను చేర్చిన నైట్రైల్: సుమారు 150 డిగ్రీల వరకు పనికివస్తుంది. వేడి, ఓజోనులను మామూలు నైట్రైల్ కంటే బాగా తట్టుకుంటుంది.
* ఇ.పి.డి.ఎం. రబ్బరు: నీరు, ఆవిరి, ఎండ, గ్లైకాల్ రకపు బ్రేకు ద్రవం దీనిని పాడు చేయవు. కాని ఖనిజ నూనె, గ్రీజు తగిలితే ఉబ్బిపోతుంది.
* ఫ్లోరోకార్బను రబ్బరు: సుమారు 200 డిగ్రీల వరకు నిలుస్తుంది. కంప్రెసరు హెడ్డు వంటి వేడి చోట్లకు తగినది. వెల ఎక్కువ.
* సిలికాన్ రబ్బరు: విపరీతమైన చలిని, వేడిని తట్టుకున్నా సులభంగా చినుగుతుంది. గాలి అణువులు దీని గుండా మిగిలిన రబ్బర్ల కంటే ఎక్కువగా దూరిపోతాయి. కదిలే భాగాలకు అనుకూలం కాదు.
* పాలీయురేథేన్: అరుగుదలకు బాగా ఆగుతుంది. అయితే ఎస్టరు రకపు పాలీయురేథేన్ వెచ్చని తేమలో క్రమంగా విచ్ఛిన్నమై పెళుసుబారుతుంది. ఈథరు రకం ఈ విషయంలో మెరుగు.
* క్లోరోప్రీన్: ఎండ, ఓజోనులను తట్టుకుంటుంది. నూనెను కూడా ఓ మోస్తరుగా ఓర్చుకుంటుంది. డయాఫ్రాలలో, దుమ్ము బూట్లలో వాడతారు.

వీటిలో నైట్రైల్, ఇ.పి.డి.ఎం.ల మధ్య పొరపాటు చాలా ప్రమాదకరమైనది. కొన్ని వాహనాలలో గాలి పీడనంతో ద్రవపు బ్రేకులను నడిపే మిశ్రమ పద్ధతి ఉంటుంది. గాలి బ్రేకు లారీలలో సైతం క్లచ్చు ద్రవంతో పనిచేయవచ్చు. ద్రవం వైపు ఇ.పి.డి.ఎం., గాలి వైపు నైట్రైల్ ఉండడం సాధారణం. ఒకే కొలత, ఒకే నలుపు గల ఈ రెండు రింగులను తారుమారు చేస్తే ఆ రోజు బండి బాగానే నడుస్తుంది. కొన్ని వారాల తరువాత నూనె తగిలిన ఇ.పి.డి.ఎం. ఉబ్బి పిస్టనును పట్టేస్తుంది, లేదా బ్రేకు ద్రవం తగిలిన నైట్రైల్ మెత్తబడి పాడవుతుంది.

తీర డెల్టా ప్రాంతంలో ప్రత్యేక పరిస్థితులు

తెనాలి గుంటూరు జిల్లాలోను, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోను ఉన్నాయి. మూడు పట్టణాలలోనూ ఆర్టీసీ డిపోలు ఉన్నాయి. డెల్టా ధాన్యం, దుగ్గిరాల పసుపు, నిజాంపట్నం రేవు చేపలు లారీలపైనే తరలుతాయి. 2006లో పులిగడ్డ-పెనుమూడి వారధి ప్రారంభమైన తరువాత రేపల్లె నుండి కృష్ణానది దాటి అవనిగడ్డ వైపు నేరుగా రోడ్డు ఏర్పడింది. కత్తిపూడి నుండి ఒంగోలు వరకు తీరం వెంట సాగే 216వ నెంబరు జాతీయ రహదారి రేపల్లె, బాపట్ల ప్రాంతాల మీదుగా పోతుంది.

ఈ నేల చదునైనది. శ్రీశైలం ఘాట్ రోడ్డులో మాదిరిగా దీర్ఘకాలం బ్రేకు పట్టి దిగవలసిన అవసరం ఇక్కడ లేదు. కాబట్టి చక్రాల వద్ద వేడి కంటే గాలిలోని నీరు, ఉప్పు ప్రధాన శత్రువులవుతాయి.

30 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి గరిష్ఠంగా సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. గాలిలో తేమ 80 శాతం ఉంటే ప్రతి ఘనమీటరులోను 24 గ్రాముల ఆవిరి ఉంటుంది. అటువంటి గాలిని 9 ఘనమీటర్లు పీల్చి 8 బార్లకు అదిమితే అది ఒక ఘనమీటరులో ఇముడుతుంది. లోపలికి వచ్చిన ఆవిరి మొత్తం 216 గ్రాములు. తిరిగి 30 డిగ్రీలకు చల్లబడిన తరువాత ఆ ఒక్క ఘనమీటరు మోయగలిగేది 30 గ్రాములే. మిగిలిన 186 గ్రాములు నీరుగా మారుతుంది. డ్రైయరు ఈ నీటిని పట్టలేకపోతే అది ట్యాంకులలోను, వాల్వులలోను చేరుతుంది.

నీరు నేరుగా నైట్రైల్ రబ్బరును తినివేయదు. అది వాల్వు లోపలి గ్రీజును కడిగివేస్తుంది, లోహపు గోడలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు రేణువులు ఆకురాయివలె సీలు అంచును అరగదీస్తాయి. అందువలన ఇక్కడ సీళ్ళ ఆయువు సీలు నాణ్యత మీద ఎంత ఆధారపడుతుందో డ్రైయరు పరిస్థితి మీద కూడా అంత ఆధారపడుతుంది. చేపల లారీల నుండి కారే ఉప్పునీరు చాంబర్ల బిగింపు పట్టీలను, పుష్ రాడ్లను తుప్పు పట్టిస్తుంది. ధాన్యం ఎగుమతి చేసేటపుడు లేచే దుమ్ము కంప్రెసరు ఫిల్టరును మూసివేస్తుంది.

తుఫానుల అనంతరం మరొక సమస్య ఎదురవుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఇటువంటి సమయాలలో నిలిచిన నీటిలో బండి నడిస్తే చాంబర్ల శ్వాసరంధ్రాల గుండా బురదనీరు లోపలికి చేరవచ్చు. నీరు తీసిన తరువాత చాంబర్లను, బూట్లను పరిశీలించడం అవసరం. పంట కాలం ముగిసి కొన్ని నెలలు నిలిపి ఉంచిన లారీలలో ఓ-రింగులు ఒకే చోట నలిగి చదునుబారుతాయి. తిరిగి రోడ్డెక్కించే ముందు లీకు పరీక్ష చేయాలి.

సీలును ఎన్నుకునే పద్ధతి

1. ముందుగా యూనిట్టును గుర్తించాలి. వాల్వు లేదా చాంబరుపై ఉన్న లోహపు పలకపై భాగం నెంబరు ఉంటుంది. లారీ మోడలు ఒకటే అయినా తయారైన సంవత్సరాన్ని బట్టి వాల్వు వేరు కావచ్చు.
2. ఆ నెంబరుకు తగిన రిపేరు కిట్టును తీసుకోవాలి. మైనరు కిట్టులో ప్రధానంగా రబ్బరు భాగాలు, మేజరు కిట్టులో వాటితో పాటు స్ప్రింగులు, వాల్వు భాగాలు కూడా ఉంటాయి. విడి రింగుల కంటే కిట్టు మేలు. ఎందుకనగా ఒక రింగు పాడైన వాల్వులో మిగిలినవి కూడా అదే వయసువి.
3. విడిగా కొనవలసి వస్తే పాత రింగును కొలవరాదు. అది ఉబ్బి లేదా చదునుబారి ఉంటుంది. గాడి వెడల్పు, లోతు, పిస్టను వ్యాసం కొలవాలి. అంగుళాల కొలతలో 3.53 మి.మీ., మెట్రిక్ కొలతలో 3.5 మి.మీ. మందం గల రింగులు చూపులకు ఒకే తీరుగా ఉంటాయి.
4. నలుగుడు సరిపోవాలి. కదలని చోట రింగు మందంలో సుమారు 15 నుండి 30 శాతం, గాలి పీడనంతో కదిలే చోట 10 నుండి 20 శాతం నలగడం సాధారణ నియమం. ఎక్కువైతే పిస్టను బిగుసుకుంటుంది, తక్కువైతే గాలి కారుతుంది.
5. పదార్థాన్ని చోటును బట్టి నిర్ణయించాలి. కంప్రెసరు దగ్గర వేడిని, వాల్వులలో నూనె తుంపరను, చక్రాల వద్ద నీటిని, ఎండను దృష్టిలో ఉంచుకోవాలి.
6. కాఠిన్యం చూడాలి. షోర్-ఎ కొలతపై 70 సామాన్యంగా వాడేది.
7. డయాఫ్రం విషయంలో చాంబరు రకం తప్పక సరిపోవాలి. ఒకే యాక్సిలుకు రెండు వైపులా ఒకే రకం చాంబర్లు ఉండాలి, లేనిచో బ్రేకు వేసినపుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

లీకు పరీక్ష

బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, ట్యాంకులు నిండిన తరువాత ఇంజను ఆపి గేజీని గమనించాలి. అమెరికాలో డ్రైవర్లకు బోధించే కొలత ప్రకారం ఒంటరి వాహనంలో బ్రేకు వదిలినపుడు నిమిషానికి 2 పి.ఎస్.ఐ. (సుమారు 0.14 బార్లు), బ్రేకు తొక్కి పట్టినపుడు 3 పి.ఎస్.ఐ. (సుమారు 0.2 బార్లు) మించి పీడనం పడిపోరాదు. భారతీయ వాహనాలకు ఆయా తయారీదారుల మాన్యువలు ప్రమాణం.

లీకు ఉన్న చోటును సబ్బునీటితో కనుగొనవచ్చు. అది ఏ స్థితిలో కారుతున్నదో గమనిస్తే ఏ సీలు చెడినదో చాలావరకు తెలుస్తుంది.

* పెడలు వదిలినపుడు ఫుట్ వాల్వు ఎగ్జాస్టు రంధ్రం నుండి కారితే ఇన్‌లెట్ సీటు చెడినట్లు.
* పెడలు తొక్కినపుడు మాత్రమే అక్కడ కారితే ఎగ్జాస్టు సీటును, పిస్టను సీలును అనుమానించాలి.
* పెడలు తొక్కినపుడు చాంబరు శ్వాసరంధ్రం నుండి గాలి వస్తే డయాఫ్రం చిల్లి పడినట్లు.
* ట్యాంకు డ్రెయిన్ వాల్వు నుండి పాలవంటి తెల్లని ద్రవం వస్తే నూనె, నీరు కలిసి వస్తున్నాయని, డ్రైయరు కార్ట్రిడ్జిని, కంప్రెసరును పరిశీలించాలని అర్థం. వీటిని సరిచేయకుండా సీళ్ళు మాత్రమే మార్చితే కొత్తవీ త్వరలోనే చెడతాయి.

అమర్చడంలో జాగ్రత్తలు

వ్యవస్థలోని గాలి మొత్తం వదిలిన తరువాతనే ఏ యూనిట్టునైనా విప్పాలి. స్ప్రింగు బ్రేకు చాంబరు విషయంలో ఇది కూడా చాలదు. గాలి పూర్తిగా పోయినా లోపలి స్ప్రింగు నొక్కబడి, భారీ శక్తిని నిలువ ఉంచుకొని ఉంటుంది. రిలీజు బోల్టుతో దానిని బంధించకుండా పట్టీ విప్పితే మూత ఎగిరి మనిషి ప్రాణం తీయగలదు. స్ప్రింగు గది మూతను వర్కుషాపులో విప్పరాదు. ఆ భాగం చెడితే యూనిట్టును మార్చడమే క్షేమం.

గాడిని శుభ్రం చేయడానికి ఇనుప మొన వాడితే గీతలు పడి కొత్త సీలు కూడా కారుతుంది. రబ్బరు భాగాలను పెట్రోలులో, డీజిలులో కడగరాదు. కిట్టుతో వచ్చిన గ్రీజును లేదా తయారీదారు సూచించిన సిలికాన్ గ్రీజును పలుచగా రాయాలి. చక్రాల బేరింగులకు వాడే గ్రీజు దీనికి ప్రత్యామ్నాయం కాదు. మరల మీద నుండి జార్చేటపుడు రింగు మెలిపడకుండా, కోసుకుపోకుండా చూడాలి. లీకు ఆపడానికి రింగు కింద దారం చుట్టడం, రెండు రింగులు ఒకే గాడిలో పెట్టడం ప్రమాదకరం.

నిలువ, గడువు

వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 2230 ప్రకారం సరిగా నిలువ ఉంచిన నైట్రైల్, క్లోరోప్రీన్ భాగాలకు 7 సంవత్సరాలు, ఇ.పి.డి.ఎం., సిలికాన్, ఫ్లోరోకార్బను భాగాలకు 10 సంవత్సరాలు, పాలీయురేథేన్‌కు 5 సంవత్సరాలు తొలి నిలువ గడువు. ఇందుకు 25 డిగ్రీల లోపు ఉష్ణోగ్రత, చీకటి, మితమైన తేమ అవసరం. వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట, రేకుల షెడ్డులో మేకుకు వేలాడదీసిన సీళ్ళకు ఈ గడువులు వర్తించవు. కొనేటపుడు పొట్లంపై తయారీ తేదీ చూడాలి. రింగును వేళ్ళతో మెల్లగా సాగదీసినపుడు సన్నని పగుళ్ళు కనిపించినా, జిగట తగిలినా దానిని వాడరాదు.

చట్టపరమైన అంశాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 56వ సెక్షను ప్రకారం రవాణా వాహనానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. అది లేని వాహనం చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషను కలదిగా పరిగణించబడదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 96వ నియమం బ్రేకులకు సంబంధించినది. అయితే ఫిట్‌నెస్ పరీక్ష ఒక రోజు పరిస్థితిని మాత్రమే చెబుతుంది. ట్యాంకుల నీటిని వదలడం, గేజీని గమనించడం డ్రైవరు నిత్యకృత్యాలు. సీలు చెడబోయే ముందు కనిపించే గుర్తులు ముందుగా తెలిసేది వీటి ద్వారానే.

ఇవి కూడా చూడండి

* గాలి బ్రేకు
* కంప్రెసరు
* కృత్రిమ రబ్బరు
* జార్జి వెస్టింగ్‌హౌస్
* బాపట్ల జిల్లా